ఆగిన చోటి నుంచే మళ్ళీ మొదలు

“ఇప్పుడు చదివి ఏం ఉద్ధరిస్తావ్?” ఈ మాట వినని ఆడవాళ్ళు మనలో ఎంతమంది ఉంటారు? పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న అమ్మాయితో ఒకలా అంటారు. డిగ్రీ మధ్యలో పెళ్ళయిన అమ్మాయితో ఇంకోలా అంటారు. పిల్లలు బడికెళ్ళాక పగలంతా గోడల మధ్య గడిపే ఇల్లాలితో మరోలా అంటారు. మాట తీరు మారుతుంది గానీ అర్థం ఒక్కటే. చదువుకో వయసుంది, అది దాటిపోతే ఇక అంతే సంగతులు అని.

అదే మాట మగవాడి దగ్గర అనరు చూడండి. నలభై అయిదేళ్ళ గుమాస్తా డిపార్ట్‌మెంటు పరీక్షకి పుస్తకం పట్టుకుంటే ఇల్లంతా గప్‌చుప్. టీవీ సౌండు తగ్గిస్తారు, పిల్లల్ని పక్కింటికి పంపిస్తారు, టైముకి కాఫీ అందిస్తారు. అదే ఇంట్లో ముప్పై అయిదేళ్ళ ఆవిడ పుస్తకం తెరిస్తే, “పొయ్యి మీద పాలు పెట్టావా?” అనే ప్రశ్న మొదట వస్తుంది.

సరే, ఇంట్లోవాళ్ళ సంగతి అలా ఉంచుదాం. ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారనే అనుకుందాం. అప్పుడైనా ఆవిడ ఎక్కడికెళ్ళి చదవాలి? ఆగిపోయిన చోటి నుంచి మొదలుపెట్టించి, చేతికో పని నేర్పి, సాయంత్రానికి ఇంటికి పంపించే చదువుల చోటు మన ఊళ్ళో ఉందా? నన్నడిగితే అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. అలాంటి చోటొకటి ఎలా నడుస్తుందో నేను కళ్ళారా చూశాను, అందులో చదివాను కూడా. అందుకే ఈ వారం ఆ సంగతి మీతో చెప్పాలనుకుంటున్నాను. అది అమెరికాలోని కమ్యూనిటీ కాలేజీ. అమెరికా అనగానే, “ఆ, అక్కడి గొప్పలు మాకెందుకు?” అని పేజీ తిప్పేయకండి. నేను చెప్పేది గొప్పల గురించి కాదు, తాళం వెయ్యని ఒక గేటు గురించి.

ఖాళీ పగళ్ళు

నాకు తెనాలిలో బీఎస్సీ రెండో సంవత్సరం పరీక్షలు రాశాక పెళ్ళయింది. మూడో సంవత్సరం అత్తగారింటి నుంచి రాయొచ్చన్నారు. రాయడం కుదరలేదు. ఎందుకు కుదరలేదో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. 2011లో మావారి ఉద్యోగం వల్ల టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్ పక్కనున్న ఊరికి వెళ్ళాం. అప్పటికి పెద్దవాడికి ఏడేళ్ళు, చిన్నదానికి నాలుగు.

ఉద్యోగం మీద వెళ్ళిన భర్తతో పాటు వెళ్ళే భార్యకి ఇచ్చే వీసాని హెచ్ 4 అంటారు. ఆ రోజుల్లో దాని మీద ఉద్యోగం చెయ్యకూడదు. చదువుకోవచ్చు. మా అపార్టుమెంట్లలో నాలాంటి తెలుగువాళ్ళు బోలెడంతమంది ఉండేవాళ్ళం. వాళ్ళలో ఇంజినీర్లు, ఎమ్మెస్సీలు, ఇక్కడ లెక్చరర్లుగా చేసి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. పొద్దున మగవాళ్ళు ఆఫీసుకి, పిల్లలు బడికి వెళ్ళాక మిగిలేది మేమూ, మా వంటిళ్ళూ. ఊరగాయలు పెట్టుకునేవాళ్ళం, ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం, సాయంత్రం కోసం ఎదురుచూసేవాళ్ళం. డబ్బుకి లోటు లేదు. కానీ, “నీ సంగతేంటి?” అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

ఒకరోజు లైబ్రరీలో పిల్లలకి పుస్తకాలు తీసుకుంటుంటే కౌంటరు మీద ఓ కాలేజీ తాలూకు పుస్తకం కనిపించింది. వెల్డింగు, నర్సింగు, ఖాతాల లెక్కలు, కార్ల మరమ్మతు, పసిపిల్లల సంరక్షణ, పళ్ళ డాక్టరు దగ్గర సహాయకుల పని, మెడికల్ కోడింగు, అన్నీ వరసగా ఉన్నాయి. ఏ క్లాసు ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎంత ఫీజు అన్నది కూడా ఉంది. సాయంత్రం ఆరింటికి మొదలై తొమ్మిదింటికి అయిపోయే క్లాసులూ ఉన్నాయి. నన్ను ఆపింది ఆ చివరి విషయమే. ఆరింటికి మావారు ఇంట్లో ఉంటారు. పిల్లల్ని చూసుకోగలరు.

2013 ఆగస్టులో చేరాను. అప్పటికి నా వయసు ముప్పై నాలుగు. ఇంటర్ పాసైన కాగితాలు, ఇంకా వాళ్ళడిగినవీ చూపించాను. వయసు గురించి ఎవరూ అడగలేదు. మధ్యలో ఇన్నేళ్ళు ఎందుకు చదవలేదనీ అడగలేదు. ఇంగ్లీషులో, లెక్కల్లో ఏ స్థాయిలో ఉన్నానో తెలుసుకోవడానికి పరీక్ష పెట్టారు. లెక్కలు గట్టెక్కాయి. ఇంగ్లీషు రాతలో ఒక మెట్టు కింది క్లాసులో కూర్చోబెట్టారు. తప్పినవాళ్ళని గెంటెయ్యడానికి పెట్టే పరీక్ష కాదది, ఏ మెట్టు మీద నుంచి ఎక్కాలో చెప్పడానికి పెట్టేది. మనకి తెలిసిన ప్రవేశ పరీక్షలకీ దానికీ ఉన్న తేడా అదే.

ఊరి పన్నుతో నడిచే చదువు

ఈ కాలేజీలు నిన్న మొన్న పుట్టినవి కావు. 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ అనే ఊళ్ళో ఆరుగురు విద్యార్థులతో మొదటిది మొదలైంది. హైస్కూలు అయినవాళ్ళు ఊరు వదిలిపోకుండా ఇంకో రెండేళ్ళు చదువుకోవడానికి పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి చదువు చెప్పించాలని 1944లో అక్కడి ప్రభుత్వం చట్టం చేశాక కాలేజీలకి జనం పోటెత్తారు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ వేసిన సంఘం, ఇంటికి దగ్గర్లో తక్కువ ఖర్చుతో చదువుకునే ప్రజా కాలేజీలు దేశమంతా రావాలని చెప్పింది. 1960లలో వందల కొద్దీ వచ్చాయి. ఇప్పుడు దేశం మొత్తం మీద ఇలాంటివి సుమారు వెయ్యి ఉన్నాయి. చదివేవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళే.

టెక్సాస్‌లో ఈ కాలేజీలకి వచ్చే డబ్బులో ఒక వంతు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కట్టే ఇంటి పన్నులోంచి వస్తుంది. కాలేజీని పైనుండి చూసుకునే సభ్యుల్ని కూడా ఆ ఊళ్ళవాళ్ళే ఓటేసి ఎన్నుకుంటారు. అందుకని అది ఎక్కడో రాజధానిలో ఉన్నవాళ్ళ కాలేజీలా ఉండదు, ఊరి కాలేజీలా ఉంటుంది. ఫీజు మాట చెప్పాలంటే, ఇలాంటి రెండేళ్ళ కాలేజీల్లో స్థానికులు ఏడాదికి కట్టేది సగటున 4 వేల డాలర్ల దగ్గర ఉంటే, నాలుగేళ్ళ ప్రభుత్వ యూనివర్సిటీల్లో 11 వేలు దాటుతుంది. మేం అప్పటికి ఏడాదికి పైగా ఆ ఊళ్ళో కాపురం ఉన్నాం కాబట్టి నాకూ స్థానికుల ఫీజే పడింది.

చదువుని వాళ్ళు కొలిచే పద్ధతి కూడా చెప్పుకోవాలి. వారానికి మూడు గంటల చొప్పున ఒక టర్ము చదివితే మూడు క్రెడిట్లు. ఇలా సుమారు 30 క్రెడిట్లు పోగైతే ఒక సర్టిఫికెట్టు వస్తుంది. 60 అయితే రెండేళ్ళ డిగ్రీ. ఆ పైన కావాలంటే యూనివర్సిటీకి వెళ్ళొచ్చు. అక్కడ చాలావరకు ఇవి లెక్కకొస్తాయి. ఒక టర్ములో నాలుగు క్లాసులు తీసుకున్నా ఫరవాలేదు, ఒక్కటే తీసుకున్నా ఫరవాలేదు. పురిటికి ఆగినా, అత్తగారికి ఒంట్లో బాలేక ఆగినా, చదివింది చదివినట్టే పుస్తకంలో ఉంటుంది. మళ్ళీ వచ్చినప్పుడు అక్కడి నుంచే మొదలు. ఈ ఒక్క ఏర్పాటు వల్ల ఎంతమంది ఆడవాళ్ళ చదువు నిలబడిందో నా క్లాసులోనే చూశాను.

నా పక్క బల్లల వాళ్ళు

నేను మెడికల్ కోడింగు తీసుకున్నాను. డాక్టరు రోగిని చూసి రాసిన కాగితం చదివి, జబ్బుకీ వైద్యానికీ తగిన సంకేతాలు వెయ్యడం ఈ పని. అక్కడ ఆసుపత్రికి బీమా డబ్బు రావాలంటే ఈ సంకేతాలు సరిగ్గా ఉండాలి. బీపీకి ఐ10, ఇతర ఇబ్బందులేవీ లేని రెండో రకం షుగరుకి ఈ11.9. చెయ్యి విరిగిందంటే కుడా, ఎడమా, ఏ ఎముక, మొదటిసారి చూపించుకుంటున్నారా, మళ్ళీ వచ్చారా, అన్నిటికీ వేరే వేరే సంకేతాలు. కోడి పొడిచిందని వచ్చినా దానికో సంకేతం ఉంది, నమ్మండి! మొదటి రోజు అది చూసి మా క్లాసంతా ఘొల్లుమంది.

మేం చదివేటప్పుడే ఆ దేశమంతా పాత సంకేతాల నుంచి కొత్త వాటికి మారబోతోంది. పాత పుస్తకంలో సుమారు 14 వేల జబ్బుల సంకేతాలుంటే, కొత్తదాంట్లో సుమారు 69 వేలు. 2014 అక్టోబరుకి మారాల్సింది ఓ ఏడాది వాయిదాపడి 2015 అక్టోబరు 1న అమల్లోకొచ్చింది. అందుకని మా టీచరు రెండూ నేర్పింది. ఆవిడ పగలు ఆసుపత్రి రికార్డుల విభాగంలో పనిచేసి, సాయంత్రం మాకు పాఠం చెప్పేది. “పొద్దున మా ఆఫీసులో ఇలాంటి కాగితం వచ్చింది, మీరైతే ఏం వేస్తారు?” అని అడిగేది. పాఠానికీ పనికీ మధ్య ఒక్క పగటి దూరమే ఉండేది.

వైద్యంలో వాడే మాటలు మొదట్లో నోరు తిరిగేవి కావు. కానీ విడదీస్తే సులువే. మన బళ్ళో సంధులు విడదీసినట్టే. ‘గాస్ట్రో’ అంటే పొట్ట, ‘ఐటిస్’ అంటే వాపు. కలిపితే గాస్ట్రైటిస్. ఇంటర్లో బైపీసీ చదివింది ఇన్నాళ్ళకి పనికొచ్చింది. కూర తరుగుతూ, బట్టలు మడతపెడుతూ ఈ మాటలు వల్లించుకునేదాన్ని. మా చిన్నది నా వెనకాలే తిరుగుతూ తనూ అనేసేది.

క్లాసులో నా కుడిపక్కన గోళ్ళకి రంగులు వేసే దుకాణంలో పనిచేసే వియత్నాం ఆవిడ కూర్చునేది. రోజంతా ఆ మందుల వాసనకి తలనొప్పి, కూర్చుని చేసే పని కావాలని వచ్చింది. ఎడమపక్కన ఇరవై ఏళ్ళ అమ్మాయి. ఒంటరిగా బిడ్డని పెంచుకుంటోంది. మా వెనక బల్లలో యాభై దాటిన పెద్దమనిషి, లారీ తోలి తోలి నడుము పాడైంది, ఇక తోలలేనని వచ్చాడు. హైస్కూలు చదువుతూనే ఇక్కడ కాలేజీ క్లాసులు తీసుకుంటున్న పదిహేడేళ్ళ కుర్రాళ్ళు కూడా ఆ వరండాల్లో తిరిగేవాళ్ళు. ఎవర్నీ ఎవరూ వింతగా చూడరు. నా జీవితంలో మొదటిసారి, ఎవరి భార్య, ఎవరి తల్లి అని కాకుండా, “మొన్నటి పరీక్షలో నీకెన్నొచ్చాయి?” అని అడిగే మనుషులు దొరికారు.

ఇల్లు సర్దుకోవడం అంత తేలికేం కాలేదు. ఆ ఊళ్ళో బస్సుల్లేవు, కాలేజీ కోసమే కారు తోలడం నేర్చుకున్నాను. క్లాసున్న రోజుల్లో మధ్యాహ్నమే పప్పూ కూరా చేసి పెట్టేదాన్ని. అన్నం మావారు పెట్టుకునేవారు. మొదటి నెల మెత్తగా గుజ్జయేది, తర్వాత కుదిరింది. ఫోన్లో మా అత్తగారు, “పిల్లల్ని పెట్టుకుని ఇప్పుడెందుకమ్మా ఈ యాతన? ఎలాగూ ఉద్యోగం చెయ్యనివ్వరటగా” అనేవారు. ఆవిడన్నదీ నిజమే. చదువయ్యాక పనిచెయ్యనిస్తారన్న నమ్మకం నాకూ లేదు. కానీ చేతిలో పని ఉంటే ఏనాటికైనా అక్కరకొస్తుందని మొండిగా చదివాను.

2015 మే నెలలో నాకు సర్టిఫికెట్టు వచ్చింది. అదే నెల 26 నుంచి, గ్రీన్‌కార్డు వరసలో ఒక మెట్టు దాటిన ఉద్యోగుల భార్యలకి పని చేసుకునే అనుమతి ఇచ్చే నియమం అమల్లోకొచ్చింది. నాకూ ఆ అనుమతి దొరికింది. ఒక క్లినిక్కులో బిల్లుల విభాగంలో చేరాను. మూడున్నరేళ్ళు చేశాక, మామగారికి పక్షవాతం రావడంతో 2019లో విజయవాడ వచ్చేశాం. హైదరాబాదులో ఈ కోడింగు పని చేసే కంపెనీలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒకదానికి ఇంటి నుంచే చెయ్యడం మొదలుపెట్టాను. 2020లో కరోనా వచ్చి మావారి ఉద్యోగం పోయింది. ఆర్నెల్లు ఇల్లు గడిచిందీ, మామగారి మందులు వచ్చిందీ నా జీతంతోనే. ఇదేదో నా గొప్ప అని చెప్పడంలేదు. ఆడదాని చదువు ‘సరదాకి’ అనుకునే ఇళ్ళల్లో, అది ఎప్పుడు ఏ అవసరానికి ఆదుకుంటుందో ముందుగా ఎవరికీ తెలియదని చెబుతున్నానంతే.

అక్కడా అంతా బాగుందని కాదు

ఇలా చెబుతుంటే అక్కడేదో స్వర్గముందనుకోకండి. కమ్యూనిటీ కాలేజీలో చేరినవాళ్ళలో ఆరేళ్ళ తర్వాత చూసినా చదువు పూర్తిచేసినవాళ్ళు సగం కూడా ఉండరు. గేటు తీసిపెట్టినంత మాత్రాన అందరూ లోపలి దాకా నడవలేరు. మా క్లాసులో ఆ ఇరవై ఏళ్ళ అమ్మాయి రెండో టర్ములో రావడం మానేసింది. బిడ్డని చూసేవాళ్ళు లేరు. కొన్ని కాలేజీల్లో పిల్లల్ని చూసుకునే కేంద్రాలుంటాయి. చాలాచోట్ల లేవు, ఉన్నవాటిలో కూడా కొన్ని మూతపడ్డాయి. పుస్తకాల ఖరీదు ఫీజుతో పోటీపడుతుంది. నర్సింగు క్లాసు నిండా ఆడవాళ్ళే, వెల్డింగు షెడ్డులో ఎక్కడో ఒక అమ్మాయి. ‘ఇది ఆడవాళ్ళ పని, అది మగవాళ్ళ పని’ అనే గీత అక్కడా చెరగలేదు. జీతాల్లో తేడా కూడా ఆ గీత వెంటే నడుస్తుంది.

అయితే లోపాలు తెలిశాక వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదన్నది కూడా చెప్పాలి. టెన్నెసీ రాష్ట్రం హైస్కూలు అయిన పిల్లలకి 2015 నుంచి ఇలాంటి కాలేజీల్లో ఫీజు లేకుండా చేసింది. 2018 నుంచి, డిగ్రీ లేకుండా మధ్యలో ఆగిపోయిన పెద్దవాళ్ళకి కూడా అదే సౌకర్యం ఇచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇంగ్లీషు సరిగా రానివాళ్ళ కోసం ఒకే క్లాసులో ఇద్దరు టీచర్లని పెట్టే పద్ధతి తెచ్చారు. ఒకరు పని నేర్పితే, ఇంకొకరు ఆ పనికి కావల్సిన భాషా లెక్కలూ నేర్పుతారు. ‘ముందు భాష నేర్చుకుని రా, తర్వాత పని నేర్పుతాం’ అంటే సగంమంది మధ్యలోనే వెళ్ళిపోతారని గ్రహించి చేసిన ఏర్పాటు అది.

మన ముంగిట్లో ఏముంది?

ఇలాంటి ఆలోచన మనకి కొత్తదా? కానే కాదు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఆ బంధం వద్దనుకుని, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళి వచ్చాక, పెద్దయ్యాక మళ్ళీ పుస్తకం పట్టింది. మెట్రిక్ నుంచి మొదలుపెట్టి ఎమ్మే, ఆ పైన లా దాకా చదివింది. తను ఆగిన చోటు ఆవిడ మరచిపోలేదు. ఆంధ్ర మహిళా సభ పెట్టింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలైంది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళు తక్కువ కాలంలో పరీక్షలకి తయారయ్యే కోర్సుల్ని ఆ బోర్డు 1958లో మొదలుపెట్టింది. అంటే అమెరికాలో ఈ కాలేజీలు ఊరూరా వెలుస్తున్న రోజుల్లోనే మన తెలుగావిడ ఇక్కడ అదే దారి వేసింది.

1982లో దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో వచ్చింది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉంది. ఆదివారం క్లాసులకెళ్ళి, పిల్లల్ని పడుకోబెట్టాక చదువుకుని, దాని ద్వారా బీఏ పాసైన అమ్మలూ పిన్నులూ మన అందరిళ్ళల్లోనూ ఉన్నారు. అది చేసిన మేలు తక్కువేం కాదు. కానీ చేత్తో చేసే పని పుస్తకం పోస్టులో వస్తే రాదు. దానికి మిషను కావాలి, పక్కన నిలబడి చూపించే మనిషి కావాలి.

పని నేర్పడానికి ఐటీఐలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, 1950 నుంచీ ఆ పథకం నడుస్తోంది. చాలామందికి తెలియని సంగతేంటంటే, ఐటీఐలో చేరడానికి కనీస వయసు 14 ఏళ్ళు, గరిష్ఠ వయసు లేదు. ఆడవాళ్ళకి సీట్లూ కేటాయించి ఉన్నాయి, ఆడవాళ్ళకి మాత్రమే అని ప్రత్యేకంగా ఉన్న ఐటీఐలు కూడా ఉన్నాయి. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు కూడా తక్కువే. తెలంగాణలో 2024 నుంచి 65 ఐటీఐలకి కొత్త యంత్రాలు తెచ్చే పని మొదలుపెట్టారు. సంతోషం. మరి ముప్పై ఏళ్ళు దాటిన గృహిణి ఎక్కడైనా ఆ క్లాసులో కనిపిస్తుందా? కాగితం మీద వయసడ్డం లేదు, గడియారం మీద ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఏడాదో రెండేళ్ళో రోజూ రావాలంటే, పిల్లల బడి, ముసలివాళ్ళ మందులు, పొయ్యి మధ్య కాలం పంచుకునే మనిషి ఎలా వస్తుంది? కొన్నిచోట్ల రెండో షిఫ్టు ఉన్నా, అది ఆవిడని దృష్టిలో పెట్టుకుని పెట్టింది కాదు. ఇక ఏం నేర్పుతారంటే, అమ్మాయిలనగానే కుట్టు, అలంకరణ, కంప్యూటరు. ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచెయ్యడం, ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటే ఊళ్ళోనే బతుకుతెరువు దొరుకుతుందని ఆ అమ్మాయితో చెప్పేవాళ్ళేరీ?

కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు కూడా మనకి వచ్చింది. 1995లో పాండిచ్చేరిలో మొదలైంది. 2013లో యూజీసీ ఒక పథకమే పెట్టి, ఉన్న కాలేజీల్లోనే ఇవి నడపమంది. 2020 నాటి జాతీయ విద్యావిధానం, చదువు మధ్యలో ఆపినా చదివినంతకీ విలువ ఉండాలంది. 2021లో క్రెడిట్లు దాచుకునే బ్యాంకుకి నిబంధనలొచ్చాయి. కాగితాలన్నీ బాగానే ఉన్నాయి. కానీ మన వీధిలో పదిమంది ఇల్లాళ్ళని ఆపి అడగండి, ఈ సంగతులు ఎంతమందికి తెలుసో. తెలియనప్పుడు ఉండీ లేనట్టే కదా.

మనం అడగాల్సింది

నేను కోరేది కొత్త భవంతులు కాదు. మన ప్రతి పట్టణంలో ప్రభుత్వ జూనియర్ కాలేజో, పాలిటెక్నిక్కో, ఐటీఐయో ఉంది. సాయంత్రం అయిదింటికి దాని గేటుకి తాళం పడుతుంది. లోపల బల్లలున్నాయి, కరెంటుంది, మిషన్లున్నాయి. మనం చెల్లించే పన్నుతో కొన్నవే అవన్నీ. ఆ తాళం వారానికి మూడు రోజులు, మూడు గంటలు ఆలస్యంగా వేస్తే చాలు. ఆ కాసేపు పిల్లల్ని కూర్చోబెట్టడానికి పక్కనో గది, చూసుకోవడానికో ఆయా. ఇంటికి తిరిగి వెళ్ళడానికి వీధి దీపాలు, ఒక బస్సు. ఊళ్ళోని ఆసుపత్రి, ఆటో షెడ్డు, కోల్డ్ స్టోరేజీ, బ్యాంకు వాళ్ళని ఏడాదికోసారి కూర్చోబెట్టి, “మీకు ఏ పని వచ్చినవాళ్ళు కావాలి?” అని అడిగి ఆ పనే నేర్పాలి. ఆపి మళ్ళీ వచ్చినవాళ్ళ దగ్గర మొదటి నుంచీ ఫీజు వసూలు చెయ్యకూడదు. ఇందులో ఏదైనా గొంతెమ్మ కోరికా, మీరే చెప్పండి. మున్సిపల్ కౌన్సిలరు ఓటుకొచ్చినప్పుడు రోడ్డూ కొళాయీ అడుగుతాం. వాటితో పాటు ఇది కూడా అడుగుదాం.

అది వచ్చేలోగా చెయ్యగలిగినవీ ఉన్నాయి. మీకు దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకి ఒక్కసారి స్వయంగా వెళ్ళి రండి. ఏ కోర్సులున్నాయి, ఏ షిఫ్టుల్లో ఉన్నాయి, చదివాక వచ్చేది జాతీయ స్థాయి ధ్రువపత్రమేనా, అప్రెంటిస్ శిక్షణలో నెలనెలా ఎంతిస్తారు, పోయిన ఏడాది పాసైనవాళ్ళు ఎక్కడ పనిచేస్తున్నారు అని నిలదీసి అడగండి. మొహమాటపడకండి, చెప్పడం వాళ్ళ విధి.

ఇంకో మాట. ‘మూడు నెలల్లో కోడింగు, ఉద్యోగం గ్యారంటీ’ అని అమీర్‌పేట గోడల మీదా, మన ఊరి బస్టాండులోనూ కనిపించే కాగితాలు చూసి గాజులు తాకట్టుపెట్టకండి. నేను చేసే పనే కాబట్టి చెబుతున్నాను. ఆ పనికి శరీర నిర్మాణ శాస్త్రం తెలియాలి, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవాలి, చివర్లో బయటి సంస్థ పెట్టే పరీక్ష పాసవ్వాలి. ఆ పరీక్ష ఫీజు మీరు కట్టే డబ్బులో కలిసి ఉందా లేదా, పాఠం చెప్పేవాళ్ళు ఆ పని చేసినవాళ్ళేనా, అంతకుముందు చదివిన ఇద్దరి ఫోను నంబర్లు ఇస్తారా అని అడగండి. జవాబు దాటవేస్తే లేచి వచ్చేయండి. పైగా ఇప్పుడు సులువైన సంకేతాలు కంప్యూటరే సూచిస్తోంది. చిక్కుగా ఉన్నవి విడదీసి, కంప్యూటరు వేసింది తప్పో ఒప్పో చెప్పగలిగేవాళ్ళకే గిరాకీ. అందుకే నేను కూడా ఏటా మారే నియమాలు చదువుతూనే ఉన్నాను. ఒకసారి నేర్చుకుంటే జీవితాంతం సరిపోయే రోజులు పోయాయి. అంటే, మళ్ళీ మళ్ళీ చదువుకోవడం అందరికీ తప్పనిసరయింది. అలాంటప్పుడు ‘నీ వయసైపోయింది’ అనే మాటకి అర్థమేముంది?

చివరిగా ఇంట్లోవాళ్ళకి ఒక విన్నపం. మీ కోడలో, భార్యో, అమ్మో ఏదైనా నేర్చుకుంటానంటే మెచ్చుకోనక్కర్లేదు, డబ్బు కుమ్మరించనక్కర్లేదు. వారంలో మూడు సాయంత్రాలు కుక్కరు మీరు పెట్టండి. పిల్లల చేత హోంవర్కు చేయించండి. అన్నం మొదటి నెల మెత్తబడితే పడుతుంది. ఎవరి ప్రాణమూ పోదు.